అనుమానం అని రాసిన మూడో ట్రే

ప్రభుత్వ తూటాల కర్మాగారంలో జూనియర్ వర్క్స్ మేనేజర్‌గా పదవీ విరమణ చేసిన రెండో ఏడు, మార్చి మొదటి సోమవారం నాడు, నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నిపుణ సలహాదారుగా చేరాను. నియామక పత్రంలో ఆరు నెలలని రాశారు. నేనక్కడ ఉన్నది అయిదు నెలలు కూడా కాదు. ఎందుకు తొందరగా బయటికొచ్చానో ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పాలి. కర్మాగారంలో నేను పరీక్షకురాలిగా చేరాను. అంటే యంత్రం నుంచి వచ్చిన వస్తువును కొలిచి, మంచిదో కాదో తేల్చే అన్నిటికన్నా కింది మెట్టు. అక్కణ్ణించి చార్జ్‌మన్, ఆపైన జూనియర్ వర్క్స్ మేనేజర్. సర్వీసంతా నాణ్యతా విభాగంలోనే గడిచింది. మొదటి కొన్నేళ్ళు ఆ షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను పక్కన పెట్టిన సరుకును "ఆమెకు చాదస్తం" అని మళ్ళీ కలిపేయబోయిన ఫోర్‌మన్లను ఇద్దరు ముగ్గురిని చూశాను. కలపనివ్వలేదు. విరమణ తర్వాత నల్లగండ్లలో స్థిరపడ్డాం కాబట్టి, షేర్ ఆటో ఎక్కితే ఆఫీసు దగ్గరే.

పని ఏమిటంటే, నగర శివారులో లైసెన్సు ఉన్న ఒక రైఫిల్ శిక్షణ కేంద్రం తాము కాల్చేసిన తూటాల ఇత్తడి కేసులను మళ్ళీ నింపి సాధనకు వాడుకుంటుంది. దానికి వాళ్ళకు అనుమతి ఉంది. తిరిగి నింపడానికి ఏ కేస్ పనికొస్తుందో, ఏది పనికిరాదో కెమెరాతో ఏరే యంత్రాన్ని మా కంపెనీ తయారు చేస్తోంది. మంచి కేస్ ఎలా ఉంటుందో కెమెరాకు నేర్పించాలి. నేర్పేవాళ్ళకు నేను నేర్పాలి.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. తూటాలో ఇత్తడి కేస్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్, అడుగున చిన్న గుంటలో కూర్చున్న క్యాప్ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను పోయి తగిలేది ఆ క్యాప్‌కే. దెబ్బ తగలగానే అది పేలి మందును అంటిస్తుంది. ఈ కేంద్రం కాల్చేవి సైనిక వాడకానికి చేసిన రకం తూటాలు. వాటిలో క్యాప్ కుదుపులకు ఊడిరాకుండా గుంట అంచును చుట్టూ లోపలికి నొక్కుతారు. బుల్లెట్ కదలకుండా మూతి అంచును కూడా కొద్దిగా ముడుస్తారు. ఈ నొక్కుడునే క్రింప్ అంటాం. తూటా కాల్చాక, పాత క్యాప్ తీసేశాక కూడా ఆ నొక్కిన అంచు అలాగే ఉండిపోతుంది. దాన్ని శుభ్రంగా కోసేస్తే తప్ప కొత్త క్యాప్ తిన్నగా దిగదు. క్యాప్ సరిగా కూర్చోనిదే మందు పోయరు. మందు పోశాక మూతి లోపలి అంచు సవరించి ఉంటే తప్ప బుల్లెట్ కూర్చోబెట్టరు. మూతి దగ్గర తప్పు జరిగితే బుల్లెట్ ఒరిపిడికి రాగిపొర లేస్తుంది, మెడ నలుగుతుంది, చూడగానే తెలుస్తుంది, పక్కన పడేస్తాం. అడుగున జరిగిన తప్పు కంటికి ఆనదు. వెంట్రుకవాసి అంచు మిగిలినా క్యాప్ అక్కడ పట్టేస్తుంది. దాన్ని బలంగా నొక్కితే ఏమవుతుందో క్యాప్ ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

దీన్ని కొలవడానికి మా దగ్గర రెండు కొనల ఉక్కు గేజ్ ఉంటుంది. ఒక కొన గుంటలోకి సాఫీగా దిగాలి. దిగకపోతే క్రింప్ మిగిలినట్టు. రెండో కొన దిగకూడదు. దిగితే ఎక్కువ కోసేసినట్టు. నా సొంత గేజ్‌లు నాలుగు తీసుకెళ్ళేదాన్ని. రోజూ గేటు దగ్గర సెక్యూరిటీ అతను వాటిని బయటికి తీయించి, రిజిస్టర్‌లో "ఇనుప మేకులు నాలుగు" అని రాసుకునేవాడు. గేజ్ అని రాయమని వారం రోజులు చెప్పి, మానుకున్నాను.

పదకొండో అంతస్తులో మాకొక తాళం వేసే గది ఇచ్చారు. అందులో నేను, స్వరూప అనే ఒకమ్మాయి. ఆమెది ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగం. ఒక్కో కేస్‌ను గేజ్‌తో చూసి, ఫొటో తీసి, కంప్యూటర్లో ఆ ఫొటో కింద మంచిది అనో చెడ్డది అనో గుర్తు పెట్టాలి. ఆ గుర్తులే కెమెరాకు పాఠాలు. స్వరూపకు ముప్పై ఉంటాయేమో. పాత నానక్‌రామ్‌గూడ ఊరిమనిషే, మా అద్దాల భవనం వెనక సందులో వాళ్ళ ఇల్లు. అంతకుముందు ఆరేళ్ళు గాజుల దుకాణంలో పనిచేసింది. చెయ్యి చూడగానే ఏ సైజు గాజు పడుతుందో చెప్పగలిగే మనిషి. గేజ్ పట్టుకోవడం ఆమెకు ఒక పూటలో వచ్చేసింది. మా కర్మాగారంలో ఆ చెయ్యి రావడానికి కొందరికి ఏడాది పట్టేది.

రెండో వారంలో ఒక కేస్ నా ముందు పెట్టి, "మేడమ్, గిది దిగుతుంది గానీ నాకు మనసొప్పుతలేదు. ఒక దిక్కు జర పట్టుకుంటుంది" అంది.

నేను చూశాను. నిజమే. మా దగ్గరికి రాకముందే, క్రింప్ కోసే యంత్రంలో కేస్ కాస్త వంగి కూర్చున్నట్టుంది. అంచు ఒక పక్క పూర్తిగా పోయి తళతళలాడుతోంది, రెండో పక్క సన్నగా మిగిలింది. కెమెరా ఆ మెరుపును చూసి మంచిదనుకుంటుంది. మెరుపు కొలత కాదు. అప్పుడు నేను కర్మాగారం పద్ధతే పెట్టాను. మంచివి, చెడ్డవి వేసే రెండు ట్రేల పక్కన మూడో ట్రే పెట్టి, దాని మీద "అనుమానం" అని చీటీ అంటించాను. అందులో పడ్డవి నేను స్వయంగా మళ్ళీ చూడాలి. నేను తేల్చేదాకా అవి మంచివాటి లెక్కలోకి రావు. కంప్యూటర్లో కూడా మూడో గుర్తు పెట్టించాను. దాంతోపాటు ప్రతి కేస్ నంబరు, అది ఏ ట్రేలో పడిందో ఒక నోటుబుక్కులో చేత్తో రాయమన్నాను. కంప్యూటర్ ఉండగా ఇదెందుకని ఆఫీసులో నవ్వారు. స్వరూప మాత్రం రాసింది.

ప్రాజెక్టు మేనేజర్ పేరు ప్రదీప్ అనుకుందాం. కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు, ప్రతి మాటకూ అండి అనేవాడు. ఆ మర్యాద గురించి నాకు ఫిర్యాదు లేదు. నాకు తెలిసిన పెద్ద తప్పుల్లో చాలా భాగం మర్యాదస్తులే చేశారు.

మే నెలలో కెమెరాతో ఏరిన కేసుల నమూనా లాట్‌ను శిక్షణ కేంద్రానికి పంపే గడువు దగ్గరపడింది. మా తేల్పుతో కెమెరా తేల్పు ఎంత శాతం కలవాలో ఒప్పందంలో ఉంది. కెమెరా ఆ అంకెను అందుకోలేకపోతోంది. వారాలుగా తెర మీది గ్రాఫులో గీత ఒకే ఎత్తులో పాకుతోంది. ఒక గురువారం ఉదయం వచ్చి చూస్తే గీత నిలువునా లేచింది. గది బయట అందరూ ఒకరికొకరు చేతులు కలుపుకుంటున్నారు. నేను సంతోషించలేకపోయాను. ఒక్క రోజులో ఏ పరీక్షకుడికీ అంత తెలివి రాదు, యంత్రానికి మాత్రం ఎలా వస్తుంది?

నోటుబుక్కు తీసి, అనుమానం ట్రేలోవి పది కేసుల నంబర్లు కంప్యూటర్లో వెతికాను. పదీ మంచివి అని ఉన్నాయి. మార్చినవారు అన్నచోట స్వరూప పేరు ఉంది. ముందురోజు తేదీ ఉంది.

స్వరూపను పిలిచి చూపించాను.

"నేను ముట్టనే లేదు మేడమ్. నిన్న నాకు సెలవు గదా. మా అత్తను దవాఖానకు తోల్కపోయిన."

"మరి నీ పేరెట్లా వచ్చింది?"

"మొన్న ప్రదీప్ సార్ పాస్‌వర్డ్ అడిగిండు. ఇచ్చిన. ఇయ్యనంటే ఊకుంటరా మేడమ్? కాంట్రాక్టోళ్ళం."

నాకు ఒళ్ళు మండింది. తీర్పు మార్చడం ఒక ఎత్తు. మార్చి, దాన్ని చేయని మనిషి పేరు మీద వెయ్యడం మరో ఎత్తు. మా కర్మాగారంలో ఒకరి ముద్ర ఇంకొకరు వాడితే ఉద్యోగం పోయేది. ఆ ముద్ర ఇత్తడిదైనా, రబ్బరుదైనా, కంప్యూటర్లోదైనా ముద్ర ముద్రే.

నేరుగా ప్రదీప్ దగ్గరికి వెళ్ళాను. అతను కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించి, ఓపిగ్గా వివరించాడు.

"మూడు తరగతులుంటే మోడల్ తికమక పడుతోందండి. కస్టమర్ అడిగింది రెండే, మంచిదీ చెడ్డదీను. అనుమానం అన్నదాన్ని ఏదో ఒకదాంట్లో కలపాలి కదండీ."

"కలపాలనుకుంటే చెడ్డవాటిలో కలపండి."

"అలా చేస్తే తీసేసేవి ఎక్కువైపోతాయండి. అంకె పడిపోతుంది. అయినా మేడమ్, అవి గేజ్‌లోకి దిగాయి కదా?"

"దిగడం వేరు, సాఫీగా దిగడం వేరు. అందుకే మీరు నన్ను పిలిచారు."

"మీ అభిప్రాయం మాకు చాలా విలువైనదండి," అన్నాడు.

అది అభిప్రాయం కాదు, కొలత అన్నాను. అతను తల ఊపాడు. పాస్‌వర్డ్ సంగతి అడిగితే, స్వరూప సెలవులో ఉంది, పని ఆగకూడదని వాడామన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో జంకు లేదు. అది తప్పని అతనికి నిజంగానే తట్టలేదనుకుంటాను. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

సీటుకొచ్చి ఈమెయిల్ రాశాను. అనుమానం గుర్తులను మార్చడాన్ని ఒప్పుకోనని, ఈ పాఠాలతో ఏరిన లాట్‌ను బయటికి పంపకూడదని, పంపితే క్యాప్ బిగించే మనిషికి ప్రమాదమని స్పష్టంగా పెట్టాను. ప్రదీప్‌కూ, అతని పైన ఉన్న వైస్ ప్రెసిడెంట్‌కూ పంపాను. మర్నాడు ఒక్క మాటతో జవాబొచ్చింది: "నోటెడ్." మా సర్వీసులో కాగితం మీద "చూశాను" అని సంతకం పెట్టిన అధికారి మెడకు ఆ సంగతి చుట్టుకునేది. ఇక్కడ ఆ మాట రాయగానే మెడ ఖాళీ అవుతుంది కాబోలు.

జూన్ మొదటి వారంలో లాట్ వెళ్ళిపోయింది. విడుదల పత్రం మీద సంతకం పెట్టమని నన్ను అడిగారు, పెట్టలేదు. సంతకం సంగతి వదిలేశారనుకున్నాను. నా సంతకం బదులు "విషయ నిపుణుల పర్యవేక్షణలో పరిశీలించబడింది" అని ఒక వాక్యం రాసి పంపారని తర్వాత తెలిసింది. ఆ కంపెనీలో విషయ నిపుణురాలిని నేనొక్కదాన్నే.

శిక్షణ కేంద్రంలో క్యాప్‌లు బిగించే పని యాదగిరి గారిది. పోలీసుశాఖలో ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్‌గా హెడ్ కానిస్టేబుల్ హోదాలో రిటైర్ అయిన మనిషి. బల్ల మీద బిగించిన చేతి ప్రెస్‌తో ఒక్కో కేస్‌కు ఒక్కో క్యాప్ ఎక్కిస్తారు. మొదటిరోజే కొన్ని కేసులు పట్టేస్తున్నాయని ఆయన మా ఆఫీసుకు ఫోన్ చేశారు. కెమెరా పాస్ చేసింది, నిపుణులు చూశారు, కానివ్వండి అని జవాబిచ్చారు. రెండోరోజు మధ్యాహ్నం ఒక క్యాప్ ఆయన చేతిలోనే పేలింది.

కళ్ళద్దాలు ఉన్నాయి కాబట్టి చూపు దక్కింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చీరుకుపోయాయి. అరచేతిలోంచి సన్నటి లోహపు తునకలు తీశారు. ఆయన పాతకాలపు అలవాటుతో క్యాప్‌లను ఒక్కొక్కటిగా చేత్తో పెట్టే మనిషి. వరుసగా గొట్టంలో నింపి వాడే యంత్రమై ఉంటే ఒకదాని వెంట ఒకటి అన్నీ అంటుకునేవి.

సంగతి తెలిసిన పూటే ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను ఆయన ఎరగరు. ఫలానా అని చెప్పగానే మొహం పక్కకి తిప్పుకున్నారు.

"నిపుణులు మీరేనా?" అన్నారు.

నేను సంతకం పెట్టలేదని, వద్దని రాశానని చెప్పాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించారు.

"పొద్దుగాల మీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చిండమ్మా. జోరుగ నొక్కినవా అని అడుగుతడు. ముప్పై ఏండ్లు బందూకులతోటే బతికిన. చెయ్యి ఎంత జోరు పెట్టాల్నో నాకు గిప్పుడు నేర్పుతరా?"

ఆయన భార్య మంచం కింది సంచిలోంచి ఒక చొక్కా తీసింది. దాని జేబులో ఆ కేస్ ఉంది. పోలీసువాళ్ళు ఖాళీ కేస్‌ను ఖోకా అంటారు. "ఖోకా పారెయ్యలే. అడుగుతరని నాకు ఎరుకే," అన్నారు యాదగిరి గారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. గుంటలో క్యాప్ తునక ఒకటి వంకరగా ఇరుక్కుని ఉంది. తునక పైకి లేచిన పక్కనే, కోయని అంచు సన్నగా మిగిలి ఉంది. అవతలి పక్క తళతళా మెరుస్తోంది. స్వరూప పక్కన పెట్టిన రకమే.

మూడురోజుల తర్వాత పై అంతస్తులో సమావేశం పెట్టారు. వైస్ ప్రెసిడెంట్, ప్రదీప్, శిక్షణ కేంద్రం బాధ్యుడైన ఒక మాజీ సైనికాధికారి, నేను. తెర మీద విచారణ నివేదిక ముసాయిదా వేశారు. ప్రమాదానికి కారణాలు రెండని రాశారు. ఒకటి, ఆపరేటర్ యాదగిరి అవసరానికి మించి బలం వాడటం. రెండు, కాంట్రాక్టు ఉద్యోగి స్వరూప గుర్తులు తప్పుగా పెట్టడం. ఇద్దరి పేర్లూ పూర్తిగా, ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. ఆ పేజీలో ఇంకెవరి పేరూ లేదు.

నేను అంతవరకూ ఆఫీసుల్లో గొంతు పెంచిన మనిషిని కాను. ఆరోజు పెంచాను. స్వరూపను పిలవమన్నాను. ఆమె ప్రవేశం ఆ ఉదయమే ఆపేశారని, కింద గేటు దగ్గర నిలబడి ఉందని అప్పుడు బయటపడింది. ఆమె వస్తే తప్ప నేను కూర్చోనన్నాను. చివరికి మాజీ సైనికాధికారే, ఆ అమ్మాయి మాట తనూ వినాలన్నారు. సందర్శకురాలి ట్యాగ్ మెడలో వేసి పైకి తీసుకొచ్చారు. మూడు నెలలు పనిచేసిన చోటికి సందర్శకురాలు.

కేంద్రం వాళ్ళు ఆ లాట్‌లోంచి తెచ్చిన ఒక సంచి బల్ల మీదే ఉంది. కెమెరా మంచివని వదిలినవే అన్నీ. నా గేజ్ స్వరూప చేతికిచ్చాను. ఆమె సంచిలోంచి ఒక్కో కేస్ తీసి గేజ్ పెట్టి చూడసాగింది.

"గిది మంచిది. గిదీ మంచిదే. గిది..." అని ఆగి, కేస్‌ను మాజీ సైనికాధికారి ముందు పెట్టింది. "గిది పట్టుకుంటుంది సార్. నా మాట వద్దు, మీరే పెట్టి చూడుండ్రి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గేజ్ తీసుకుని తనే పెట్టారు. సగంలో ఆగింది. తిప్పి పెట్టారు. ఆగింది. ఇంకొకటి ఇమ్మన్నారు. అలా పక్కన పడినవి గుప్పెడు అయ్యాయి. అప్పుడు నేను నోటుబుక్కు తెరిచి, అనుమానం అని రాసిన నంబర్లు, ఆమె సెలవు రోజున కంప్యూటర్లో మారిన నంబర్లు పక్కపక్కన చదివి వినిపించాను. ప్రదీప్ తన కంప్యూటర్ మూత మూశాడు.

మాజీ సైనికాధికారి లాట్ మొత్తం వాపసు తీసుకొమ్మని అక్కడికక్కడే రాసిచ్చారు. తమ మనిషి తప్పు లేదని రాయకపోతే నివేదిక తీసుకోనని కూడా చెప్పి లేచారు.

నివేదిక మారింది. ఎలా మారిందో చెబితేనే నా కోపం అర్థమవుతుంది. కొత్త ప్రతిలో యాదగిరి పేరు లేదు, స్వరూప పేరు లేదు. బాగానే ఉంది. వాటి బదులు "ప్రక్రియాపరమైన లోపం" అని రాశారు. పాస్‌వర్డ్ అడిగిన మనిషి లేడు, గుర్తులు మార్చిన మనిషి లేడు, ఈమెయిల్‌కు నోటెడ్ అని రాసిన మనిషి లేడు. తప్పు కిందివాళ్ళదైనంతసేపు దానికి పేరు, ఇంటిపేరు ఉన్నాయి. పైకి చేరగానే దానికి మనుషులే లేకుండాపోయారు.

నేను ఒక పేజీ విభేదపత్రం రాశాను. ఏ రోజు ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో, నేను ఏ రోజు ఏం రాశానో తేదీలతో పెట్టి, నోటుబుక్కు పేజీల నకళ్ళు జతచేసి, ఒక ప్రతి కంపెనీకి, ఒకటి శిక్షణ కేంద్రానికి ఇచ్చాను. కంపెనీ ప్రతి ఏమైందో తెలియదు. వారం తిరక్కుండా నా సేవలు ఇక అవసరం లేదని పత్రం వచ్చింది. కేంద్రం మాత్రం దాన్ని తమ ఫైల్లో ఉంచుకుంది. ఇప్పుడక్కడ ఏ లాట్ వచ్చినా యాదగిరి గారు ప్రతి కేస్‌నూ గేజ్‌తో చూసి గానీ ప్రెస్ ముట్టరు. ఆయన బొటనవేలి కొస పూర్తిగా వంగదు. గేజ్‌ను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకోవడం నేర్చుకున్నారు.

స్వరూపను ఏజెన్సీ కోకాపేటలో వేరే కంపెనీకి పంపింది. చెప్పుల ఫొటోలు చూసి రంగులు గుర్తించే పని. ప్రదీప్‌కు ఆ దసరా లోపలే ఇంకా పెద్ద ప్రాజెక్టు ఇచ్చారని విన్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పినది చెప్పి ముగిస్తాను. అనుమానం ఉన్నదాన్ని ఎటు కలపాలో తేల్చే అధికారం ఎవరిదో చేరిన రోజే రాయించుకోవాలి. ఆ తర్వాత వచ్చిన రెండు పనుల్లో అలాగే రాయించుకున్నాను, రాయనన్న మూడో చోట చేరలేదు. ఇక నా తప్పు. నా ఒప్పందంలో కస్టమర్‌తో నేరుగా మాట్లాడకూడదని షరతు ఉంది. ఆ షరతు పాటించాను. లాట్ బయల్దేరకముందే శిక్షణ కేంద్రం ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఈమెయిల్ రాశాను కదా, నా బాధ్యత తీరిందనుకున్నాను. తీరలేదు. లాట్ ఆపే అధికారం లేని పరీక్షకుడు, ప్రమాదం ఎవరి చేతికి వస్తుందో ఆ మనిషికే ఫోన్ చేసి చెప్పాలి. నేను చెయ్యలేదు.